రేవురాయిని చదివిన హైమవతి టీచరుగారు

ఆ జేసీబీ కుర్రాణ్ణి కాసేపు ఆపమనమ్మా. ఆపమను, చెప్తాను. కొంపలేం మునిగిపోవు, కాలవ కట్టేసి వారం కూడా కాలేదు, మళ్ళీ లాకులెత్తి నీళ్ళొదిలేసరికి బోల్డు టైముంది నీకు. రేవు కట్టుకో, సిమెంటు మెట్లు వేసుకో, పుష్కరాలకి గోదారి దాకా వెళ్ళలేని ముసలీ ముతకా ఇక్కడే మునగాలి కదా, మేమేం కాదనం. ఆ రాయి జోలికి మాత్రం వెళ్ళకు. ఏంటీ? పైనుంచి చెప్పేరా? ఎవరో ఫోటో తీసి పంపించేరా? "ఆడవాళ్ళని అవమానించే రాయి, వెంటనే తొలగించాలి" అనా? ఓర్నాయనో! మళ్ళీ మొదటికొచ్చిందన్నమాట. ఇలా షెడ్డు నీడలోకి రా, ఎండ మాడ్చేస్తోంది. నా పేరు బుల్లబ్బాయి అంటారు, ఆ పంపు పక్క చేనే మాది. అంటే ఒకప్పుడు చేను, ఇప్పుడు రొయ్యల చెరువులే, మావాడు తవ్వించేశాడు, వరి తినేవాళ్ళంతా ఏం తింటారో మరి. నీ పేరేంటన్నావ్ ఇంజినీరమ్మా? శృతా? మంచి పేరు. నువ్వనేస్తున్నాను, ఏమనుకోకు, మా మనవరాలి ఈడుదానివి. ఏది, ఆ ఫోటో చూపించు. ఆయ్, ఇదే. కళ్ళజోడు లేకపోయినా చదువుతాను, ఈ ఊళ్ళో పుట్టినవాడెవడికైనా నోటికొచ్చు ఇది. "శార్వరి సంవత్సరం వైశాఖ మాసం. మేడింటివారి ఆడవారు ఈ రేవున దిగరాదు. దిగిన ఊరికి కీడు." అంతే, మూడు ముక్కలు.

మేడింటివారంటే అదుగో, కాలవ గట్టుకి వెనకాల ఆ పెంకుటిల్లు. మేడేదీ అంటావా? మేడ ఎప్పుడో తుఫానుకి పడిపోయింది, పేరు మిగిలింది. మా ముత్తాతల నాడు చుట్టూ తాటాకిళ్ళు, మధ్యలో ఆ ఒక్క మేడ. అప్పట్లో మారాజులు. కానీ నాకు ఊహ తెలిసేసరికి వాళ్ళంటే ఊరికి అదో మాదిరి. ఎదురుపడితే తిట్టరు, కొట్టరు, మనం గోదారోళ్ళం కదా, మర్యాదకి లోటుండదు, "అండీ" అనే అంటారు. అంటూనే ఆ ఇంటి ఆడమనిషి ఎదురొస్తే చెప్పులు సర్దుకున్నట్టు ఓ నిమిషం ఆగిపోతారు. వానలు ఆలస్యమైతే "ఎవరో దిగుంటార్రా రేవులోకి" అని ఓ ఎటకారం. మా చిన్నప్పుడు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకున్నది బళ్ళో కాదు, ఆ రాయి మీదే. దకి గుడిస్తే ది, దిగరాదు. ఆ ఇంటికి కోడలై వచ్చింది రత్తమ్మ, పాలకొల్లు దగ్గర పిల్ల. బంగారంలాంటి మనిషి. పెరటి గుమ్మం తీస్తే రేవు. బిందె పట్టుకుని నాలుగంగలు వేస్తే నీళ్ళు. కానీ ఆ బిందె చంకన పెట్టుకుని గట్టెమ్మటే నడుచుకుంటూ అంత దూరం, దిగువ రేవు దాకా వెళ్ళి తెచ్చుకునేది. కార్తీకమాసంలో ఊరి ఆడాళ్ళంతా ఇక్కడ అరటిదొప్పల్లో దీపాలొదిలితే, ఆవిడ దీపం ఒక్కటీ అక్కడెక్కడో దిగువన మొదలయ్యేది. ఎవరూ వద్దని చెయ్యిపట్టుకు ఆపలేదమ్మా, అదీ చిత్రం. రాయి ఉంది, అంతే.

ఇంక టీచరుగారి సంగతి. హైమవతిగారు. కోనసీమావిడ, మా హైస్కూలుకి తెలుగు చెప్పడానికి వచ్చేరు. మనిషి ఇంతుండేవారు, నీ భుజం దాకా కూడా రారు. గొంతెత్తితే మాత్రం కాలవకి ఆ గట్టున గేదెలు తిరిగి చూసేవి. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు, నాకప్పటికే పెళ్ళై పిల్లలు. మావాడు చదివేడు. వాళ్ళమ్మతో కలిసి మా పక్కవాటాలో అద్దెకుండేవారు కాబట్టి నాకు తెలుసు. ఆవిడకో అలవాటుండేది. ఏం చదివినా, పద్యమవనీ, పేపరవనీ, శుభలేఖవనీ, మందుసీసా మీద చీటీ అవనీ, చదివేసి ఊరుకునేవారు కాదు. "ఎవరు రాశారు? ఎవరి కోసం? ఆ రోజు ఎండా, వానా? ఇంట్లో బియ్యం ఉన్నాయా, నిండుకున్నాయా?" ఇవన్నీ అడిగేవారు. నేనోసారి, "టీచరుగారూ, పద్యానికీ బియ్యానికీ సంబంధమేంటండీ" అన్నాను. "బుల్లబ్బాయిగారూ, మీరు నిన్న మీ ఆవిణ్ణి 'ఎందుకొచ్చావు' అన్నారు. ఆవిడ కళ్ళంట నీళ్ళు పెట్టుకుంది. అదే మాట మొన్న వర్షంలో తడిసి కేరేజీ తెచ్చినప్పుడూ అన్నారు. అప్పుడు నవ్వింది. మాట ఒకటేగా, మరి ఏడుపెందుకు, నవ్వెందుకు?" అన్నారు. ఓయమ్మో, గోడకి చెవులుంటాయనుకున్నాను గానీ తెలుగు ఎమ్మేలు కూడా ఉంటాయనుకోలేదు! మా ఆవిడ రత్నమాణిక్యం అయితే అప్పట్నించీ నేను నోరెత్తితే చాలు, "టీచరుగార్ని పిలవనా?" అని బెదిరించేది.

ఇంకోటి చెప్పాలి నీకు, తొందరపడకు. మావాడి క్లాసులో అప్పగింతల పాట ఒకటి చెప్తున్నారట. పాతకాలం పాట. పిల్ల అత్తారింటికెళ్తూ తోటనీ దూడనీ పట్టుకుని ఏడుస్తుంది. అత్తారిల్లెక్కడయ్యా అంటే భీమవరం పక్కన. వెనక బెంచీలో వాడొకడు కిసుక్కున నవ్వేడట. "భీమవరానికే ఇంత ఏడుపేంటండీ, బస్సెక్కితే గంట" అని. వాడు మావాడే అనుకో. వేరే టీచరైతే ఓటి ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఈవిడ పుస్తకం మూసి, క్లాసు మొత్తాన్నీ తీసుకొచ్చి ఈ గట్టు మీద నిలబెట్టేరు. "రోడ్డు లేదనుకోండి. బస్సు లేదు. ఈ కాలవే దారి. పడవని మనుషులు గట్టెమ్మట తాడుతో లాగుతారు. లాకు దగ్గర ఆగాలి, నీళ్ళు సమానమయ్యేదాకా కూర్చోవాలి. ఎదురు పడవ వస్తే ఆగాలి. వేసవిలో కాలవ కట్టేస్తే పడవే లేదు. వానాకాలం గట్టు మీద మోకాలి లోతు బురద. ఆ పిల్లకి పదేళ్ళు. అమ్మకి జ్వరమొస్తే కబురందేసరికి తగ్గడమో, పోవడమో అయిపోతుంది. ఇప్పుడు పాడండి" అన్నారట. ఆ నవ్వినవాడు సాయంత్రం ఇంటికొచ్చి వాళ్ళమ్మ పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు, ఎప్పుడూ లేంది. రాసినవాళ్ళ అరుగు మీద కూర్చుని చదవాలి, మన అరుగు మీద కాదు, అనేవారు ఆవిడ. ఎంత మాటమ్మా అది. చదువంటే అలా చెప్పాలి. ఇప్పుడంతా గైడ్లూ, బిట్లూనూ, మా మునిమనవడు తెలుగుకి కూడా ట్యూషనుకి వెళ్తున్నాడు, ఏం చెప్పను.

ఆఁ, రాయి. అక్కడికే వస్తున్నాను. తొంభై ఒకటి పుష్కరాలకి ముందు మాఘమాసం. రత్తమ్మకి ఒక్కడే కొడుకు, గణేష్‌బాబు. మొగుడు పోయాక ఆ పిల్లాణ్ణి కళ్ళలో పెట్టుకు పెంచింది. సంబంధాలు వచ్చేవి, వచ్చినవాళ్ళు ఊళ్ళో నలుగుర్నీ అడిగేవారు, అంతే, మళ్ళీ రారు. వాడికి ముప్పై దగ్గరపడింది. చివరికి మొగల్తూరు నుంచి ఓ సంబంధం కుదిరింది. పిల్ల పేరు దుర్గాశ్రీ, తండ్రి లేడు, మేనమామ బుల్లిరాజుగారిదే పెత్తనం. ఆ పిల్లకి గణేష్‌బాబంటే ఇష్టం, ఎక్కడో పెళ్ళిలో చూసుకున్నార్లే. తాంబూలాలు పుచ్చుకోడానికి పొద్దున్నే వేన్లో దిగేరు అందరూ. నేనూ, రత్నమాణిక్యం అక్కడే ఉన్నాం, వంటల దగ్గర. పనసపొట్టు కూర ఆవపెట్టి, బూరెలు, పులిహోర, ఆ వాసనకే సగం కడుపు నిండింది. టీచరుగార్ని కూడా పిలిచింది రత్తమ్మ, వాడికి చదువు చెప్పేరని.

బుల్లిరాజుగారు మంచి పొడగరి, మీసాలూ, సిల్కు లాల్చీ. దర్జాగా వీధి మెట్లెక్కుతున్నాడు. ఆ ఇంటికి నల్లరాతి మెట్లుంటాయమ్మా, మేడ పడిపోయినా మెట్లు పోలేదు. అందులో మూడోది మాత్రం రాయి కాదు, ఇటికలు పేర్చిన మెట్టు. మిగతావాటికంటే కొంచెం ఎత్తు. తెలీనివాడు తట్టుకోకుండా ఎక్కలేడు. ఈయనా తట్టుకున్నాడు. బొటనవేలు గోరు లేచిపోయి బొటబొటా రక్తం. "ఏంటండీ ఇది, ఇంత ఇంటికి ఓ రాయి దొరకలేదా!" అని చిరాకు. కంగారుగా రత్తమ్మ నూతిలో నీళ్ళు తోడి కాలి మీద పోయించింది. ఆ నుయ్యి వట్టి ఉప్పు. గాయం మీద పడేసరికి మనిషి గాల్లోకి లేచేడు. "అమ్మ బాబోయ్! ఉప్పునీళ్ళు పోస్తారేంటండీ, పక్కనే కాలవ పెట్టుకుని!" అని కుంటుకుంటూ తనే పెరటి గుమ్మంలోంచి రేవుకి వెళ్ళేడు. రత్తమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. వెళ్ళకండి అని ఎలా అంటుంది?

ఓ పది నిమిషాలకి తిరిగొచ్చేడు. కాలు కడుక్కున్నాడో లేదో గానీ మొహం మాత్రం మాడిపోయింది. పళ్ళేలు పైకెత్తబోతున్నారు, పంతులుగారు మంత్రం అందుకోబోతున్నారు. "ఆపండి" అన్నాడు. "రేవు గట్టున రాయి చూసేను. తండ్రి లేని పిల్లండి మాది. కాలు పెడితే ఊరికి కీడని రాయి పాతిన ఇంట్లో మా పిల్ల కాలు పెట్టించమంటారా? ఇన్నాళ్ళూ ఒక్కళ్ళైనా మాటమాత్రం చెప్పలేదే. పదండమ్మా, వేనెక్కండి." గణేష్‌బాబు తల దించుకున్నాడు. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది, కదల్లేదు. రత్తమ్మ పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ సంబంధం గానీ పోతే ఇంక వాడికి పెళ్ళనే మాట లేదని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. మా ఊరి పెద్దమనుషుల్లో ఒకాయన, తాతాజీ అని, ఇప్పుడు లేడు, సర్దిచెప్పబోయి, "ఏదో పాతకాలపు పట్టింపండి, ఇప్పుడెవరు పాటిస్తున్నారు, పగలగొట్టించేద్దాం" అన్నాడు. దాంతో బుల్లిరాజుగారు ఇంకా రెచ్చిపోయేడు. "రాయి పగిలితే కీడు పోద్దా!"

అప్పుడమ్మా, లేచేరు మా టీచరుగారు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "పగలగొట్టడం తర్వాత. ముందు చదవాలి కదా" అన్నారు. "చదివే వచ్చేనండీ" అన్నాడాయన. "అక్షరాలు చదివేరు. నాతో రండి. మీరంతా కూడా రండి. రత్తమ్మగారూ, మీరు ముందు నడవండి." ఆవిడ మాటకి ఎదురేముంది, పెళ్ళివారంతా పట్టుచీరలతో, పంతులుగారు తాంబూలం పళ్ళెంతో సహా రేవు గట్టుకి చేరేం. రత్తమ్మ మాత్రం రాయికి ఇవతలే ఆగిపోయింది, కాళ్ళు రాలేదు.

టీచరుగారు అందర్నీ ఓసారి చూసి, క్లాసులో అడిగినట్టే మొదలెట్టేరు. "తాతాజీగారూ, ఈ ఊళ్ళో రేవుకి రాకూడదని ఎవర్నైనా ఎప్పుడైనా ఆపేరా?" ఆయన గతుక్కుమన్నాడు. "ఎందుకండీ ఇప్పుడవన్నీ" అన్నాడు. "ఆపేరు. ఎవర్ని ఆపేరో మీకూ తెలుసు, నాకూ తెలుసు, వాళ్ళకి ఇంకా బాగా తెలుసు. ఒక్కళ్ళనైనా రాయి పాతి ఆపేరా? చూపుతోనే ఆపేవారు. మనుషుల్ని తొక్కడానికి ఏ ఊరికీ రాయి అవసరం లేదు. మరి ఈ ఒక్కదానికి రాయెందుకు అవసరమైంది?" అని ఆ రాయి మీద చెయ్యేసేరు. "సరే. ఆడవారు దిగరాదు అన్నారు. మగవాళ్ళ ఊసే లేదేం? ఇంటికే కీడుంటే మగవాళ్ళకి మాత్రం అంటదా? రేవులో మగవాళ్ళు చెయ్యకుండా ఆడవాళ్ళే చేసే పనేంటి?" మా రత్నమాణిక్యం వెనకనించి, "అంట్లూ, గుడ్డలూనండి" అంది. "అదీ! వైశాఖ మాసం అనుంది. వైశాఖంలో ఈ కాలవ ఎలా ఉంటుంది, బుల్లబ్బాయిగారూ?" నన్నడిగేరమ్మా, అంతమందిలో. "కట్టేస్తారండి. పారుదలుండదు. రేవు మడుగులో నిలవనీళ్ళే, ఊరంతటికీ తాగడానికి అవే" అన్నాను. ఇప్పుడు చూడు, ఎదురుగా ఆ మడుగు, అలాగే ఉండేది.

అప్పుడు రత్తమ్మ దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, మీ ఇంట్లో వైశాఖంలో ఎవరికైనా పెట్టుకుంటారా?" రత్తమ్మ మెల్లిగా అంది, "పెట్టుకుంటామండి. ముగ్గురికి. మా అత్తగారి అత్తగారికి, ఆవిడ ఆడపడుచులిద్దరికీ. ఆ నెలంతా మా ఇంట్లో తద్దినాలేనండి." "ముగ్గురూ ఆడవాళ్ళే, ఒకే నెల. దేంతో పోయారో చెప్పేరా?" "మా అత్తగారు చెప్పేదండి, వాంతులూ విరేచనాలూనట. శార్వరిలో. ఆ ఏడు ఎండలకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలరాతో ఊడ్చుకుపోయాయట." "మరి ఈ ఊళ్ళోనో?" రత్తమ్మ ఆలోచించింది. అందరం ఆలోచించాం. మా ఇళ్ళల్లో ఎవరింట్లోనూ వైశాఖంలో ఆనాటి తద్దినాలు లేవమ్మా. తాతాజీ ఇంట్లో లేదు, మా ఇంట్లో లేదు.

టీచరుగారు చెప్తూంటే ఇంక చూడాలి. గొంతు తగ్గిపోయింది ఆవిడకి, ఆ గొంతు. "రోగమొచ్చిన ఇంటికి గుడ్డలుతకడానికి ఎవరొస్తారు? ఇంట్లో ఆడవాళ్ళే ఉతకాలి. రోగి దుప్పట్లు, రోగి గిన్నెలు. పెరటి గుమ్మం తీస్తే రేవు. రాత్రికి రాత్రి ఎవరు చూడొచ్చారు, గబుక్కున ముంచుకుపోవచ్చు. ముంచితే పొద్దున్నే ఊరంతా అవే నీళ్ళు తాగుతుంది. అందుకని ఆ ఇంటి పెద్ద, తన ఇంటి ఆడవాళ్ళని తనే దిగొద్దన్నాడు. చెప్పి ఊరుకుంటే కొత్తగా వచ్చిన చుట్టానికి తెలీదు, అందుకని రాయించేడు. ఊరికి కీడు అన్నది శాపం కాదండీ, ఊరి మీద బెంగ." బుల్లిరాజుగారు ఊరుకోలేదు, మేనమామ కదా. "మీరు చెప్పేది బానే ఉందండీ. ఊరివాళ్ళే పాతి ఉండొచ్చు కదా, వీళ్ళని బయట పెట్టడానికి?" ఆయన అడగడం న్యాయమే. టీచరుగారు నవ్వేరు. "బుల్లిరాజుగారూ, మన డెల్టాలో నిలువులోతు తవ్వినా రాయి దొరుకుద్దా?" "ఎక్కడండీ, మట్టేగా." "రాయంటే రాజమండ్రి అవతల్నించి పడవ మీద రావాలి. తాటాకిళ్ళ ఊరికి అంత స్తోమతుందా? అదీ కాలవ కట్టేసిన వైశాఖంలో, పడవే లేనప్పుడు? మరి ఈ రాయి ఎక్కడిది? ఓసారి మీ గాయం చూసుకోండి."

ఆయన కాలు చూసుకున్నాడు. రాయి చూసేడు. నల్లరాయి, అంచుకి గుండ్రంగా చెక్కిన గీత. గిరుక్కున తిరిగి ఇంటివైపు చూసేడు. అందరికీ ఆ వీధి మెట్లే గుర్తొచ్చాయి. మూడో మెట్టుకి రాయి లేదు కదా! అదే అంచు, అదే గీత. తన వీధి మెట్టు పీకించి, వేసవిలో లాకుల పనికొచ్చిన రాతిపనివాళ్ళ చేత చెక్కించి పాతించేడమ్మా ఆ మహానుభావుడు. చిన్నప్పట్నించీ ఆ ఇటిక మెట్టు మీద తట్టుకున్నవాళ్ళమే అందరం, ఒక్కడికీ తట్టలేదు. "ఇంకోటి కూడా ఉంది" అన్నారు టీచరుగారు. "పెరట్లో తియ్యటి కాలవ పెట్టుకుని, ఉప్పు పడుతుందని తెలిసి కూడా నుయ్యి ఎందుకు తవ్వించేరు? వాళ్ళు ఆ నీళ్ళే వాడేరు, మీకు తియ్యనీళ్ళు వదిలేసేరు. మీరు పొద్దున్నించీ మెట్టు మీదా, నూతి దగ్గరా ఆ కథే చదివేరు బుల్లిరాజుగారూ. మీ కాలు చదివింది, కళ్ళే చదవలేదు." ఆయన ఎంత బిగుసుకున్న మనిషో, ఫక్కున నవ్వేసేడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మరి రోగం తగ్గాక రాయి ఎందుకు తియ్యలేదు అంటావు కదా నువ్వు? నేనూ టీచరుగార్ని అదే అడిగేను. "పెట్టినాయన కూడా ఆ ఏడాదే పోయి ఉంటాడు. ఇంక చాలు, దిగండమ్మా అని చెప్పే నోరు లేకుండా పోయింది. పసివాళ్ళు పెద్దయ్యేసరికి ఎందుకు పెట్టేరో పోయి, పెట్టిందొక్కటే మిగిలింది" అన్నారు. రత్తమ్మ, "మా మావగారు నెలల పిల్లాడుగా ఉండగానే వాళ్ళ నాన్నగారు పోయేరని వినేదాన్నండి" అంది. అది అంటూ అంటూ ఆ మనిషి ఒక్కసారిగా మా వేపు తిరిగింది. అంతకు ముందుగానీ ఆ తరవాతగానీ ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. "ఊళ్ళో ఇంతమంది చదువుకున్నారు కదయ్యా! బళ్ళో వెయ్యకముందే పిల్లలకి ఈ రాయి చూపించి అక్షరాలు నేర్పించేరు కదా! ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, ఇలా అడగొచ్చు కదా! మీకోసం చచ్చిపోయిన ఇల్లు కదయ్యా మాది. ఎన్నేళ్ళు నడిచేను ఆ బిందెతో!" అని భోరుమంది. తాతాజీ పైగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఇంకేం చెయ్యాలో తెలీక. నాకైతే భూమిలోకి దిగిపోదామనిపించింది.

దుర్గాశ్రీ, ఇంకా తాంబూలాలైనా పుచ్చుకోలేదు, ఆ పిల్ల గబగబా వచ్చి రత్తమ్మ చెయ్యి పట్టుకుని, "పదండత్తయ్యా" అంది. అత్తయ్యా అనేసింది, మేనమామ ఎదురుగా! ఇద్దరూ కలిసి దిగేరు. మాఘం కదా, కాలవ నిండుగా ఉంది. మోకాళ్ళ దాకా దిగి రత్తమ్మ దోసిలితో నీళ్ళు తీసుకుని తాగింది. తాగి, "ఎంత తియ్యగా ఉన్నాయమ్మా" అంది. దిగువ రేవులోవీ ఇవే నీళ్ళు కదా, ఇవే కదా అక్కడికి పారేవి. అయినా ఆ మాటంది. తాంబూలాలు అక్కడే గట్టు మీద పుచ్చుకున్నారు, పంతులుగారి చేతిలో పళ్ళెం ఉండనే ఉందిగా. బూరెలు చల్లారిపోయాయి గానీ, అంత రుచైన భోజనం నేను మళ్ళీ తిన్లేదు. బుల్లిరాజుగారు కుంటుకుంటూ తనే వడ్డించేడు.

టీచరుగారు ఓ నాలుగేళ్ళు ఉన్నారేమో తరవాత. ఏటా కొత్త క్లాసుని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టేవారు. అర్థం రాసి పక్కన ఇంకో రాయి పెడదామని పంచాయతీవాళ్ళు అంటే, ఆవిడే వద్దన్నారు, "అదీ చదివేసి వెళ్ళిపోతారు. అడిగేవాళ్ళుంటే చాలు" అని. బదిలీ అయి వెళ్ళేరోజున ఊరు ఊరంతా బస్టాండులోనే ఉంది. తరవాత రిటైరయ్యారని విన్నాం. పోయారన్న సంగతి మాత్రం ఎప్పటికో గానీ తెలీలేదు. మావాడు వ్రతానికని అన్నవరం వెళ్తే, కొండ మీద ఆవిడ మేనల్లుడు కనబడి చెప్పేడు. ఏ తిథో, ఏ నెలో కూడా సరిగ్గా తెలుసుకోలేదు వెర్రివెధవ. నేనొచ్చి రత్తమ్మకి చెప్పేను. ఆవిడ మొదట అడిగిన మాట, తిథేంటని.

ఇలా చూడమ్మా, నీ ఫోటో. అక్షరాల వరకే తీసేడు చూసేవా, పైభాగం కోసేసేడు. ఇప్పుడటు చూడు, అసలు రాయి. పైనంతా పసుపు, కుంకం బొట్లు, ఇంకా తడి ఆరలేదు. అవమానించిన రాయికి ఏ ఆడదైనా పసుపు రాస్తుందా? ఎవరు రాస్తున్నారని అడగొద్దా? రాసేది దుర్గాశ్రీయే. రత్తమ్మ పోయేముందు ఆ పిల్లకి అప్పజెప్పిపోయింది అన్నీ. ఇవాళ మేడింట్లో పెట్టుకుంటున్నారు, ఇప్పుడు ముగ్గురికీ కలిపి ఒకే రోజు. వైశాఖం కదా. పోయినవాళ్ళు ముగ్గురే, నాలుగు విస్తళ్ళు వేస్తారు. మొదటిసారి వేసినప్పుడు పంతులుగారు, "ఈ నాలుగోది ఎవరి పేరుమీదమ్మా" అన్నాడు. "హైమవతమ్మ" అంది రత్తమ్మ. "మీకేమవుతారు?" అంటే, "మా ఇంటి ఆడపడుచండి. తిథి తెలీదు, మావాళ్ళతో పాటే తింటుంది" అంది. పంతులుగారు సరేనని నీళ్ళొదిలేడు. ఆ విస్తట్లో పచ్చిమిరపకాయ లేకుండా చూస్తారు ఇప్పటికీ, టీచరుగారికి కారం పడదు.

...

ఆఁ? ఏంలేదు, కంట్లో నలకేదో. ఆ జేసీబీ చప్పుడేది, ఎప్పుడాగింది? నువ్వే సైగ చేసేవా? మంచిదమ్మా. అదుగో, దుర్గాశ్రీ పిలుస్తోంది. ఆయ్, వస్తున్నామమ్మా! ఇంజినీరమ్మా, ఆ డ్రైవరు కుర్రాడూ కూడా వస్తున్నారు, చూసి వడ్డించు! లే తల్లీ, వేడి మీద తినాలి. ఆ వీధి మెట్ల దగ్గర మాత్రం చూసి ఎక్కు, మూడోది కాస్త ఎత్తు.